కర్రల చెప్పులు

మసేరు విమానాశ్రయంలో కస్టమ్స్ అమ్మాయి
నా పెట్టె తెరిచి
ఉన్ని మేజోళ్ళూ, నల్లరొట్టె పొట్లమూ పక్కకి జరిపి
అడుగున ఉన్న నలభై రబ్బరు తొడుగుల్లోంచి
ఒకటి తీసి వేలికి తొడుక్కుని చూసింది.
"ఏమిటివి?"
"చంకకర్రలకు చెప్పులు" అన్నాను.
నవ్వింది. పెట్టె మూయబోతూ ఆగి
"వచ్చారా, తిరిగొచ్చారా?" అంది.
అరవై ఒకటో ఏట
ఇంత చిన్న ప్రశ్నకి నీళ్ళు నమిలాను.

మూడు వారాలు ఔలులో ఉన్నాను.
పదిన్నరకి తెల్లారి
రెండింటికే పొద్దుగూకే డిసెంబరు.
చెల్లెలు హెల్కా వంటింట్లో
వేడినీళ్ళ కోసం కుళాయి తిప్పి
ముందొచ్చే చన్నీళ్ళు వృథా పోతాయని గిన్నె పట్టాను.
నిండాక
ఎక్కడ పోయాలో తెలియలేదు.
పెరడంతా మంచు. కుండీలో మొక్క అప్పటికే తడిసి ఉంది.
ఎవరి బిడ్డనో ఎత్తుకున్నట్టు
గిన్నెతో వంటింటి మధ్య నిలబడిపోయాను.

హెల్కా చూసింది. అప్పుడేమీ అనలేదు.
రాత్రి ఆవిరిగదిలో
వేడిరాళ్ళ మీద నీళ్ళు చిలకరిస్తూ అడిగింది:
"నువ్వు లేకపోతే అక్కడేమైనా ఆగిపోతుందా, తూలిక్కీ?"
రాళ్ళు సుయ్యిమన్నాయి.
ఆ చప్పుడు అణిగేలోగా జవాబు చెప్పాల్సింది.

మసేరు నుంచి మొఖోట్లాంగ్‌కి
తొమ్మిది గంటల మినీబస్సు.
కనుమ తర్వాత కనుమ, అకార్డియన్ పాట తర్వాత అకార్డియన్ పాట,
నా ఒళ్ళో ఎవరిదో పీచ్ పళ్ళ బకెట్టు.
మొన్నటిదాకా మంచు ఊడ్చిన చేతులకి
జనవరి ఎండ చుర్రుమంది.
దుప్పటి కప్పుకున్న ముసలావిడ
నా బూట్లు చూసి ఏదో అంది, బస్సంతా నవ్వింది.
నేనూ నవ్వాను, సగమే అర్థమై.

ఆసుపత్రి గదిలో
గోడమీద కాలెండరు డిసెంబరు దగ్గరే ఆగి ఉంది.
సిగ్గు విడిచి చెబుతున్నాను:
అది చూసి సంతోషించాను.

మర్నాడు మాదికెలెది మనవణ్ణి తీసుకొచ్చింది.
ఎత్తుకుని కాదు.

మొదూపె, వానల్లో పుట్టినవాడు, ఆరేళ్ళవాడు,
నాలుగు నెలలు నా ఇనుప కమ్మీల మధ్య
రెండడుగులేసి కూలబడినవాడు
గడప దాటి, బెంచీ చుట్టూ తిరిగి
వంకరటింకరగా, కల్లు తాగినవాడిలా, నా దాకా నడిచొచ్చాడు.

"ఎప్పటినుంచి?"
"క్రిస్మస్ మర్నాటినుంచి. కోడి లోపలికొచ్చి పిండిలో మూతి పెట్టింది.
వీడు అదిలించాడు. అది కదల్లేదు. లేచాడు.
పడ్డాడు. అది ఆగి చూసింది. మళ్ళీ లేచాడు."
నా ముఖం చూసి కాబోలు
ఓదార్పుగా అంది:
"నిలబడటం నువ్వే నేర్పావు. నడక మాత్రం కోడి నేర్పింది."

చప్పట్లు కొట్టాను. దొంగ చప్పట్లు కావు.
వాటి అడుగున మాత్రం
ముప్పై ఆరేళ్ళ ఉద్యోగం
ఒక కోడి ముందు తల గోక్కుంటూ నిలబడింది.

ఆగిపోలేదు, హెల్కా.
కాలెండరు తప్ప ఏదీ ఆగలేదు.
కాగితం చింపాను. దాని వెనక
మొదూపె కోడి బొమ్మ గీశాడు, నాలుగు కాళ్ళతో.
నేను దిద్దలేదు.

సాయంత్రం సెఖోనియానా వచ్చాడు.
బంగారు గనిలో మోకాలు పోగొట్టుకున్నవాడు.
రాళ్ళ దారిలో టకటకమంటూ
మనిషికంటే ముందు వచ్చే అతని కర్రలు.
అరిగిన కొనలకి కొత్త చెప్పులు తొడిగాను.
వరండా చివరిదాకా వెళ్ళి వచ్చాడు, పిల్లిలా.
సంతోషం లేదు ముఖంలో.
"చప్పుడు రావట్లేదు.
నేనొస్తున్నానని నా కుక్కకెలా తెలుస్తుంది?"

ఇద్దరం కాసేపు ఆలోచించాం.
తర్వాత
ఎడమ కర్ర చెప్పు విప్పేశాను.