కూడు

రాత్రి రెండున్నరకు ఫోనొచ్చింది
కర్నూలు పెద్దాసుపత్రి నుంచి.
కొత్త డాక్టరమ్మ,
తెలుగు ఇంకా కూడబలుక్కుంటా ఉంది.
"మీ అక్క ర్యాలీ అయింది" అనింది.
పెట్టేసింది.

నేను టెంపో నడిపేవాన్ని.
నాకు తెలిసిన ర్యాలీ ఒకటే:
తలకు మూడొందలు, ఒక బిర్యానీ పొట్లం,
ఎండ ముదిరితే ఇంకో నీళ్ల ప్యాకెట్టు.
కోసిగి నుంచి ఆదోని దాకా
ఏ రంగు జెండాకైనా జనాన్ని ఎక్కించేది నేనే.
నా నోటుబుక్కులో మొదటి పేరెప్పుడూ అక్కదే,
ఉరుకుందమ్మ, జిన్నింగు మిల్లు.
జుట్టులో పత్తి నూగుతోనే వచ్చి ఎక్కుతాది.
అందరూ జిందాబాదంటే పెదాలు మాత్రం కదిలిస్తాది.
"మూడొందలు నడిచేదానికిరా,
అరిచేదానికి వేరే రేటు."

అందుకే ఒక నిమిషం నమ్మినా.
సెలైను కర్రే జెండా కర్ర,
జ్వరాల వార్డులో మంచాలన్నీ వరస కట్టి
చీకట్లో వరండా వెంబడి పోతాండాయి,
ముందర మా అక్క.
ఎవరు పిలిచినారో
ఎంతిస్తామన్నారో
నాకు చెప్పకుండా పోయింది.

టెంపోలో డీజిల్ లేదు. తొలి బస్సెక్కినా.
పక్క సీట్లో మండీ గుమస్తా వన్నూరప్ప,
చెవికి ఫోను అంటుకుపోయింది.
"పత్తి ర్యాలీలో ఉంది సామీ,
క్వింటాలుకు నాలుగొందలు లేచింది."
మా పత్తి పోయిన వారమే అమ్మేసినాం.
మేం అమ్మినాక లేచేదాన్ని
ఇంగ్లీషులో అట్లంటారేమో అనుకున్యా.
ఎమ్మిగనూరు దాటినాక
కిటికీలో నల్లరేగడి తెల్లారింది.

ఆసుపత్రి గేటు కాడ
రెండు అంబులెన్సుల సందులో
నెట్టు లేకుండా షటిల్ ఆడతాండారు ఇద్దరు పిల్లోళ్లు.
లోపల ఎవరో వాళ్లకూ ఉంటారు.
"ముప్పై తొమ్మిది, నలభై,
పెద్ద ర్యాలీరా, ఇడిసిపెట్టొద్దు,
నలభై ఒకటి."
ఈకల పువ్వు గాల్లో ఉండగానే
తల తిప్పుకొని లోపలికి పోయినా.
కింద పడేది నేను చూల్లేదు.

డాక్టరమ్మ చేతులతో చెప్పింది.
వేళ్లు దూరం దూరం పరిచి, మళ్లీ పిడికిలి పట్టి:
చెదిరిన దండు మళ్లీ ఒకచోటికొస్తే అదే మాటంట,
పడినోళ్లు తేరుకుంటే అదే మాటంట.
పదకొండు వేలకు దిగిన ప్లేట్‌లెట్లు
తెల్లారేసరికి ముప్పై దాటినాయంట.
"కానీ రెండు రోజులు చూడాలి.
కొన్నిసార్లు లేస్తారు, మాట్లాడతారు, తర్వాత..."
ఆ తర్వాతకు ఆమెకు తెలుగు మాట దొరకలేదు.
వత్తి చివర నూనె గురించి
మా ఊర్లో ఒక మాటుంది.
నాకు తెలుసు.
అందించలేదు.

అక్క కండ్లు తెరిచింది.
"ఈ వారం ఎవరిది మీటింగు? నా పేరు రాసుకున్యావా?"
రాసుకున్యా అన్యా.
అబద్ధం.
నోటుబుక్కు టెంపోలోనే ఉంది.

వాళ్లకు ఒక్క మాటలో ఇన్ని ఉంటే
మాకు మాత్రం తక్కువా?
నలుగురూ కూడు అంటే కలవమని.
నాలుగు మెతుకులు కూడు అంటే అన్నం.
మేం కూడేది
ఆ కూడు కోసమే కదా,
ఈ ముక్క డాక్టరమ్మకు చెప్పాలనుకొని మర్సిపోయినా.

క్యాంటీను పెరుగన్నం తెచ్చినా.
మూడు ముద్దలు తినింది.
నాలుగోది వద్దని, మళ్లీ తినింది.
గుంటక తోలినాక చేన్లోకి దిగి
మట్టిలో మిగిలిన శెనక్కాయ పరిగె ఏరినట్టు
గిన్నె అంచుకు అంటిన మెతుకుల్ని
సూది గుచ్చని చేతి వేలితో
ఒక్కొక్కటే దగ్గరికి లాగుతాంది.

నేను మంచం పట్టె మీద కూర్చొని
లోపల్లోపల లెక్కపెడతాండా.
నలభై రెండు.
నలభై మూడు.