తరుగు

మిర్చి యార్డులో పద్దెనిమిదేళ్ళుగా కాటా నాది.
టిక్కీ ఎక్కుతుంది, అంకె ఎర్రగా వెలుగుతుంది,
నేను చీటీ రాస్తాను:
గోతానికి ఇంత, తేమకి ఇంత, తరుగు.
రైతు నా కలం వంక చూస్తాడే గాని
మోచేతి వంక చూడడు.
అయినా ఎవడో ఒకడు చూస్తాడని
మే నెల ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా.

మోచేతుల మీద, మోకాళ్ళ మీద, నడుం చుట్టూ
రూపాయి బిళ్ళంతగా మొదలై
అరచేయంత అయిన ఎర్రటి పొడ,
దాని మీద తెల్లటి పొట్టు.
మిరప ఘాటు పడలేదన్నారు.
నెత్తురు చెడిందన్నారు.
ఎప్పుడో పాముని కొట్టి ఉంటావన్నారు.
కాకుమాను నుంచి పసరు తెచ్చి పూసి
నాగూర్ బీ నాచేత వంకాయ మాన్పించింది.
వంకాయ మానాను. బజ్జీ మానలేదు.

టీ కొట్టు పోలయ్య అందరికీ గాజు గ్లాసు ఇచ్చి
నాకు మాత్రం కాగితం కప్పు తీస్తాడు.
"అంటుకోదయ్యా" అని ఎన్నిసార్లు చెబుతాం?
కాగితం కప్పులో టీ తొందరగా చల్లారుతుంది.

కొత్తపేటలో డాక్టరమ్మ
మందు రాయకముందే
"బాజీ గారూ, చెప్పులు విడిచి కాటా ఎక్కండి" అంది.
నవ్వొచ్చింది.
ఇన్నేళ్ళూ దానికి ఇవతల నుంచున్నవాణ్ణి,
దాని మీద
కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.
తొంభై ఆరు.
మనసులోనే లెక్క కట్టుకున్నాను:
రెండు టిక్కీలు, పైన కొసరు.

ఆవిడ చెప్పిందాంట్లో నాకు ఎక్కింది ఇది:
పొట్ట దగ్గర కొవ్వు ఊరికే పడి ఉండే సరుకు కాదు,
బూడిద కప్పిన కుంపటి.
దాని సెగ నెత్తురులో తిరిగి
ముందే రాజుకున్న చర్మాన్ని విసురుతుంది.
జబ్బుకి బరువొక్కటే కారణం కాదు,
కానీ బరువు తగ్గితే
మందుకి కాస్త చోటు దొరుకుతుంది.
ఇంకో మాటా అంది, అది నాకు ముందే తెలుసు:
"సిగ్గుపడి ఇంట్లో కూచుంటే తింటాం,
తింటే పెరుగుతాం, పెరిగితే మళ్ళీ సిగ్గు."

నాగూర్ బీ బిర్యానీ గిన్నె అటక ఎక్కించింది.
తెల్లారగట్ల యార్డు గోడ వెంట నడిచాను,
తుమ్ముకుంటూ,
కీళ్ళు పట్టేసిన రోజున గోడ పట్టుకుని.
కొన్ని రాత్రులు కాళ్ళు వాటంతట అవే
లాడ్జి సెంటర్ పునుగుల బండికి పోయాయి.
దాచను.

సరుకు కదిలి, హమాలీలు వెళ్ళాక
షెడ్డు లైటు కింద
నా కాటా మీద నేనే ఎక్కేవాణ్ణి.
తొంభై అయిదు. తొంభై అయిదు. తొంభై ఆరు.
తొంభై మూడు.
ఒకసారి చొక్కా విప్పి దులిపాను.
పొట్టు పళ్ళెం మీద రాలింది.
అంకె కదల్లేదు.
ఇంత బతుకునీ వంచింది
పది గ్రాములు తూగదు.

ఇప్పుడు ఎనభై ఎనిమిది.
మోచేతి పొడ పలచని టీ రంగుకి దిగింది.
నడుం మీదది మొండిది, వినదు.
చలికాలం మళ్ళీ లేవొచ్చని
డాక్టరమ్మ ముందే చెప్పి ఉంచింది.

మొన్న పెదకూరపాడు రైతు వీరాంజనేయులు
చొక్కా చేతులు పైకి మడిచి నేను రాస్తుంటే
కలం మీంచి చూపు తిప్పి
నా పొట్ట వంక చూశాడు.
"ఏం బాజీ, ఇన్నాళ్ళకి
నీకూ తరుగు తీశారా?"
షెడ్డంతా నవ్వింది, నేనూ నవ్వాను,
నవ్వుతూనే ఆయన టిక్కీ అంకె
రెండోసారి చూసి రాశాను.

ఎడమ మోచెయ్యి దురద పెట్టింది.
గోకలేదు.