రెండో కాలి ఫిల్ము

చీమకుర్తి క్వారీలో నేను పగుళ్లు చూసే మనిషిని.
బండ మీద నీళ్లు చల్లి, ఆరేటప్పుడు
తడి ఎక్కడ సన్నగా మిగిలిపోతుందో చూస్తాను.
అక్కడ సుద్దముక్కతో గీస్తాను.
పద్నాలుగేళ్లలో రెండుసార్లే తప్పాను.

లారీలు తొక్కిన గుంటలో సైకిలు బోల్తాపడి
మా కెజియా చీలమండ పట్టుకుని
ఏడవకుండా కూర్చున్న రోజు
ఎలీసమ్మ పిన్ని అంది: పుత్తూరు కట్టు కట్టించు.
ఆటో ఒంగోలు బస్టాండు దాకా పోయింది.
ఎందుకో, పెద్దాసుపత్రికి తిప్పమన్నాను.

వెలుతుర్లో ఫిల్ము పెట్టగానే నేనే వేలు పెట్టాను.
ఎముక చివర అడ్డంగా నల్లగీత.
"ఇదిగో సార్ పగులు."
డాక్టరు నవ్వలేదు.
దెబ్బ తగలని కాలి ఫిల్ము పక్కన పెట్టాడు.
అందులోనూ అదే గీత.

"అది పిల్ల ఎదిగే చోటయ్యా.
ఇంకా ఎముక కాలేదు, మెత్తన.
నీకూ నాకూ ఎప్పుడో పూడిపోయింది.
పగులు దాని వెంబడే నడిచి
ఇక్కడ, చూడు, పైకి తిరిగింది."

మూడోసారి తప్పాను.

"ఇవాళే సర్దాలి. వారం దాటాక తోస్తే
ఆ చోటే నలిగిపోద్ది."
వారం.
ఆకుపసరు, గుడ్డుసొన, వెదురుబద్దలు,
బస్సు కిటికీ పక్కన నా బిడ్డ.

మత్తిచ్చి మెల్లగా ఒక్కసారే లాగారంట.
రెండు సన్న తీగలు, తొడ దాకా పిండికట్టు.
దాని మీద ఆరో తరగతంతా సంతకాలు,
ఎవడో క్రేను బొమ్మ.
తీగలు తీసేటప్పుడు మాత్రం అరిచింది.

కట్టు విప్పాక అయిపోయిందనుకున్నాం.
"ఆర్నెల్లకోసారి రండి. ఆ గీతలో ఒక మూల పూడితే
కాలు వంకర పోవచ్చు, పొట్టి కావచ్చు.
కాకపోనూవచ్చు."

రాత్రిళ్లు, అది నిద్రపోయాక,
క్వారీ టేపుతో రెండు కాళ్లూ కొలిచేవాణ్ణి.
ఒకసారి అర సెంటీ తేడా.
ఎవరికీ చెప్పలా. తెల్లారి మళ్లీ కొలిస్తే లేదు,
మోకాలు మడిచి పడుకున్నట్టుంది.
దుప్పట్లు దులుపుతుంటే
వాళ్లమ్మ కుట్టుటేపు దొరికింది, దాని మంచం కిందే.

మూడోసారి పోయినప్పుడు ఫిల్ములో
నల్లగీత పైన వెంట్రుకంత తెల్లగీత.
నోరెండిపోయింది. వేలు పెట్టలేదు.
"దెబ్బ తగిలిన్నాడు ఎముక ఆగి నిలబడ్డ గుర్తది.
అక్కణ్ణుంచి ఎంత పెరిగిందో చూసుకో.
ఈ కొసన ఎంతో ఆ కొసనా అంతే ఉండాలి."
గోరు ఆనించి చూశాను.
ఈ కొస. ఆ కొస.
మళ్లీ ఈ కొస.

బస్సులో కెజియా బూట్లు విప్పేసి కూర్చుంది,
కరుస్తున్నాయంట.
ఏ కాలివే, అన్నాను.
రెండూ, అంది.