పిండికట్టు

కాశింబీ కుడిచేతికి పిండికట్టు పడి
పదకొండు దినాలాయ.
వానకు తడిసిన మెట్టు మీద జారింది.
పత్తికొండ ఆస్పత్రిలో మణికట్టు కాడ కట్టేసి
నలభై దినాలు కదపొద్దన్నారు.
నోటికి మాత్రం ఏ డాక్టరూ కట్టు కట్టలేదు.

"మొక్కజొన్నలు ఆడించి డబ్బాలో పోసిపెట్టిన్యా,
పురుగు పడ్తాది. నువ్వే చెయ్యి రొట్టెలు" అంది.
నేనా?
ఆదోని రోడ్డు మీద పంచరంగడి నాది.
లారీ టైరు ఊడదియ్యమంటే ఊడదీస్తా,
పూర్ణం పెట్టిన రొట్టె నా చేతిలో ఏమవుతాదో
ఆ పైవానికే తెలియాల.

"సల్లనీళ్లు పొయ్యొద్దు" అనేలోపలే పోసినా.
ముద్ద చేస్తే ముద్దే, తట్టబోతే ఇసక.
"గోదుమపిండి మాదిరి సాగుతాదనుకుంటివా?
దీంట్లో బంక ల్యా. ఉడుకునీళ్లే దీనికి బంక.
తెర్లనీ. ఉప్పెయ్యి. గరిటెకాడతో తిప్పు.
ఇంగ చెయ్యి కాలినా సరే, పిసుకు."
పిసికినా.
ఘాట్ దిగొచ్చిన బండి డ్రమ్ము
తెలియక ముట్టుకున్నట్టుండె.

బుడ్డలు ఏంచి చెరిగిందీ నేనే.
సగం పొట్టు గాలికి, సగం నా మీసంలోకి.
బెల్లం, పిడికెడు నువ్వులు, రెండు ఏలక్కాయలు,
నూనె వదిలి ముద్దకట్టేదాకా
రోకలి ఆపనిస్తే కదా.

పాల కవరు కోసి, కడిగి, నూనె పూసి,
దాని మీద ముద్ద, ముద్దలో గుంత, గుంతలో పూర్ణం.
అంచులు పైకి లాగి మూతి మూసి తట్టినా.
ఏ సబ్బుకీ పోని సొల్యూషన్ మరకల ఏళ్లు నావి,
రొట్టె మీద ట్రెడ్డు అచ్చులు పడినట్టు పడినాయి.

పెనం మీద అర నిమిషం.
నడుమన ఒక బుడగ లేసింది.
లేసి, పగిలి,
బెల్లం బుస్సుమని బయటికి.
ఇది నా పనే గదా!
ట్యూబును తొట్టినీళ్లలో ముంచితే
బుడగ లేసిన చోటే బొక్క.
ఇంత పిండి తీసి అతుకేసి
బొటనేలితో రెండు నొక్కులు నొక్కినా.
"ఏం చేస్తాండావ్ ఆడ?"
"పంచరేస్తాండా."
కట్టున్న చెయ్యి పొట్టకానించుకోని కాశింబీ నవ్విన నవ్వుకి
పక్కింటి ఉరుకుందమ్మ గోడ మీంచి తొంగిచూసె.

ఏడు చేసినా. ఐదు పగిలినాయి.
పగలని రెండూ తట్టలో పెట్టి ముందర పెడితే
ముట్టలేదు.
"అవి నువ్వు తిను.
ఆ పొయ్యి పక్కది, బెల్లం కారి అంచు మాడిందే,
అదియ్యి నాకు."
ఎడమచేత్తో తుంచింది.
కరకర.
కండ్లు మూసుకుంది.

ఇరవై రెండేండ్లు.
నా తట్టలోకి ఎప్పుడూ నున్నని రొట్టె,
యాడ మూసిందో తెలియని నిండు రొట్టె.
పగిలినవి తను తింటాదని నాకు తెలుసు.
పాపం అనుకుంటాంటి.
అంగడి కాడ ఒకరిద్దరికి చెప్పి
గొంతు బరువు చేసుకున్న దినాలు గూడా ఉన్నాయి.

ఒక ముక్క లాక్కోని నోట్లో ఏసుకున్నా.
మాడిన బెల్లం పంటికింద పటుక్కుమంది.
ముందు రవ్వంత చేదు, దాని ఎనక తీపి,
ఆ ఎనక బుడ్డల నూనె మెల్లగా.
నా నున్నని రొట్టెల్లో
ఇది ఒక్కదినమూ తగల్లేదు.
"ఏమే," అన్నా,
"ఇన్నేండ్లూ?"

మారు పలకలేదు.
ఇంగో రొట్టెకు ఎడమచెయ్యి సాచి,
"ఈసారి బొక్క కొంచెం పెద్దది పెట్టు"
అంది.