ఎదురుకుర్చీ

సాల్మన్ ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు దిగి వచ్చేసరికి
నా వేళ్ళు వేళ్ళుగా ఉండవు,
మంచులో మరిచిపోయిన ఇనపమేకులు.
కట్టెలపొయ్యి దగ్గర వాటిని కరిగించుకుని
పెద్దాడి పుస్తకం తెరుస్తాను.

ఎఫ్రాయిన్‌కి ఏడేళ్ళు.
చదువంటే వాడికి చేపముల్లు.
మాట కింద నా వేలు,
వేలు వెనక వాడి నిట్టూర్పు.
బల్లకి అటువైపు నాలుగేళ్ళ మైతెన్
ఎండుబఠాణీల్లో రాళ్ళు ఏరుతూ.
"నీకింకా టైముందిలే" అని
నేనే కూర్చోబెట్టాను అక్కడ.

లెముయ్ దీవిలో చలికాలమంటే
ఒకటే వాన, మూడు నెలలు.
చెక్కపలకల పైకప్పు మీద అది
చెప్పిందే చెప్తూ ఉంటుంది, నాలాగే.

ఒకరాత్రి ఒక మాట దగ్గర పెద్దాడు ఆగిపోయాడు.
నేనూ ఆగాను. పొయ్యి చిటపటమంది.
అవతలివైపు నుంచి, బుగ్గలో బఠాణీతో,
"వంతెన" అంది మైతెన్.
తల కూడా ఎత్తలేదు.

బొమ్మ చూసి అందేమోనని
అరచేత్తో బొమ్మ మూసేశాను.
"గొర్రె. వాన. మళ్ళీ గొర్రె."
నాకు నవ్వొచ్చింది.
ఎఫ్రాయిన్ ఏడ్చేశాడు.
ముందెవర్ని దగ్గరికి తీసుకోవాలో తెలీక
ఇద్దరి మధ్యా నిలబడిపోయాను కాసేపు.

తర్వాత దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని
పుస్తకం తిన్నగా పెడితే
ఊరు మారినవాళ్ళలా చూసింది.
"ఎవరో వీటిని బోర్లించారు" అంది.
పుస్తకం లాక్కుని తిరగేసి
గడగడా చదివేసింది, తలకిందులుగా.

నిద్ర పట్టలేదు నాకు.
తెలీకుండా మూడు నెలలపాటు
ఒక పిల్లకి ప్రపంచాన్ని బోర్లా నేర్పానా?

పొద్దున్నే బాలబడి గుమ్మంలో చెప్తే
నెలిదా టీచరు పడీపడీ నవ్వింది.
"కుర్చీ జరపండి, చాలు.
ఎదురుగా కాదు, పక్కన."
ఇంత చిన్న సంగతా అని
నాకు ఒళ్ళు మండింది కూడా.

కుర్చీ జరిపాం.
తన పేరులో మొదటి అక్షరం, ఎం,
దాని లెక్కలో రెండు గిన్నెలు.
ఇటు తిరిగేసరికి రెండు కొండలు.
"కొండల్లో నీళ్ళు నిలవవు కదమ్మా!"
నా దగ్గర జవాబు లేదు.
రోజుకో పేజీ. కొన్నాళ్ళు అరపేజీ.
కొన్నాళ్ళు పుస్తకం మూసేసి
రొట్టె తిని పడుకున్నాం.

ఖాళీ అయిన ఎదురుకుర్చీని
ఎఫ్రాయిన్ ఆక్రమించాడు, ఎవరూ అడక్కుండానే.
తలకిందులుగా చదవడం వాడికి పందెం.
తప్పు చదివినా తప్పు కాదక్కడ.
ముల్లు ఎప్పుడు కరిగిందో
నేను చూడలేదు.

ఆదివారం వాన తెరిపిచ్చింది.
పోటు నిండి, రేవులో నీళ్ళు కదలకుండా ఉన్నాయి.
పడవల పేర్లు పైన ఒకసారి,
నీళ్ళలో బోర్లా మరోసారి.
మైతెన్ నీళ్ళలోవే చదువుకుంటూ పోతోంది,
పాత అలవాటు.
"నీళ్ళు మనకి ఎదురుగా కూర్చున్నాయి" అంది.
నేనేమీ దిద్దలేదు.

చివర్లో బౌదిలియో తాత పసుప్పచ్చ పడవ.
దాని పేరు బీచో, అంటే పురుగు.
బి, ఐ, సి, హెచ్, ఓ.
నడుముకి అడ్డంగా మడిస్తే
కింది సగం పై సగానికి సరిపోయే అక్షరాలు.
మైతెన్ నీళ్ళు చూసింది, పడవ చూసింది,
మళ్ళీ నీళ్ళు చూసింది.
"అమ్మా, ఇది పడిపోలేదు!"

వల విప్పుకుంటూ తాత అన్నాడు,
"పురుగు కదమ్మా,
ఎలా పడేసినా లేచి నడుస్తుంది."

కాసేపు అక్కడే గొంతుక్కూర్చుంది,
మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని.
గాలి వీచి నీళ్ళు చెదిరాయి.
చదవడానికి కింద ఏమీ మిగల్లేదు.

పక్క పడవ దగ్గర
మెల్లిగా తల ఎత్తింది.