చేతులు కట్టుకోండి

చేరి ఇరవై మూడు రోజులు.
గుంటూరు, ఏటుకూరు రోడ్డు వెనక మున్సిపల్ హైస్కూలు,
ఎనిమిదో తరగతి బి సెక్షన్.
నలభై ఒక్క మంది. ఫ్యాన్లు రెండు, తిరిగేది ఒకటి.

మొదటి వారం హాజరు పట్టీ చూసి జట్లు వేశాను,
ఆరుగురికొకటి, ఆఖరి దాంట్లో ఐదుగురు.
షేక్‌లందరూ ఒక్కచోట పడ్డారు.
"మమ్మల్నెందుకు మేడం ఈ మూల పెట్టారు?"
అని మస్తాన్‌బీ అడిగిందాకా తోచలేదు,
అక్షరక్రమానికీ ఒక కన్ను ఉంటుందని.

రెండో వారం మార్కులు చూసి వేశాను.
హెడ్మాస్టర్ వీరాంజనేయులు గారు మెచ్చుకున్నారు.
"యార్డులో చూడమ్మా, మేలు రకం ఒక బస్తా, తాలు ఒక బస్తా.
కలిపి పోస్తే రేటెవడిస్తాడు?"
చెడ్డమనిషి కాదు.
నేను క్యారేజీ తేలేదని కనిపెట్టి
తన డబ్బాలోని గోంగూర సగం నా వైపు తోసే మనిషి.
కానీ తాలు అన్న మాట దగ్గర
నా వేళ్లు వాటంతటవే చున్నీ కిందకి పోయాయి.

మా అమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసేది,
కిలోకి ఇంతని.
సెలవుల్లో నేనూ కూర్చునేదాన్ని,
తర్వాత సెలవులు కాని రోజుల్లో కూడా.
గోనెపట్టా మీద, పుస్తకం మోకాలికి ఆనించి,
తాలు కాయ పక్కకి, మంచికాయ గంపలోకి.
ఆమ్లాలు, క్షారాలు, లవణాలు
వేళ్ల మంటతో పాటే ఎక్కాయి.
కాయకో ముక్క.

డీఎస్సీకి కోచింగ్‌లో చేరి
బల్ల ముందు నాలుగు నెలలు బుద్ధిగా కూర్చున్నాను.
ఒక్క ముక్క నిలవలేదు.
ఇంటికొచ్చి చింతపండు ముందేసుకుని
గింజలు తీస్తూ తీస్తూ
శిశు మనోవిజ్ఞానం మొత్తం మింగాను.
చేతులు ఖాళీగా ఉంటే
నా బుర్ర గుమ్మం దాటి పోతుంది.
ఈ సంగతి ఏ దరఖాస్తులోనూ రాయలేదు.

అలాంటి నేను
రోజుకి పదిసార్లు అంటున్నాను వాళ్లతో:
చేతులు కట్టుకోండి.

పూర్ణచంద్ వేలికి దారం చుట్టుకుంటాడు, విప్పుతాడు, చుట్టుకుంటాడు.
మొన్న లాక్కున్నాను. ఎర్ర దారం, నా సొరుగులో ఉంది.
అప్పటినుంచీ కళ్లు నా మీదే ఉంచి
వినడం మానేశాడు.
కెజియాకి ఎవరికైనా చెబితేనే అర్థమవుతుంది,
ఎవరూ దొరక్కపోతే నీళ్ల సీసాకి చెబుతుంది.
ఏడుకొండలు నిలబడి చదువుతాడు.
ఎందుకురా అంటే "అలవాటండీ" అన్నాడు.
మూడు వంతెనల దగ్గర వాళ్ల గది చూశాను తర్వాత.
కూర్చునే చోటు లేదు.

మూడో వారం జట్లు వేయలేదు.
మీకు కుదిరినట్టు కూర్చోండి అన్నాను, గొప్పగా.
గోల. ఇద్దరు కొట్టుకున్నారు.
నలుగురు ఎవరికీ అక్కర్లేక గోడవారన మిగిలారు.
ఇష్టానికొదిలేసినా తాలు మిగులుతుంది, అనుకున్నాను.
ఈసారి ఆ మాట అన్నది
హెడ్మాస్టర్ గారు కాదు.

ఇవాళ మూడో పీరియడ్‌లో గాలి యార్డు వైపు నుంచి తిరిగింది.
ఘాటు.
మొదటి ర్యాంకు అమ్మాయి తుమ్మింది, ఆ వెనకే అందరూ.
గోడవారన నలుగురూ దగ్గారు, నేనూ దగ్గాను,
పక్క గదిలో హెడ్మాస్టర్ గారి దగ్గు కూడా వినిపించింది.
కళ్లు తుడుచుకుని సొరుగు తీశాను.
దారం పూర్ణచంద్ బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా,
కొవ్వొత్తి వెలిగించాను. గ్లాసు బోర్లించాను.

ఎందుకు ఆరిపోయింది?

ఎవరూ పలకలేదు.
వాడు తలెత్తలేదు. వేలికి రెండు చుట్లు చుట్టి
"ఊపిరాడక, మేడం" అన్నాడు.

పుస్తకంలో ఉన్న జవాబు అది కాదు.
సరిదిద్దుదామని నోరు తెరిచాను.
ఈలోపు గోడవారన ఎవరో, ఇంకా దగ్గుతూనే,
"అంతేగా మరి" అన్నారు.