‘నా పాత్ర’ అనకు

కాచిగూడలో ఫంక్షన్ హాలు,
నిన్నటి పెళ్లి పూలు ఇంకా స్తంభాలకే.
ఏడో బల్ల దగ్గర ఉపేందర్,
కరెంటాఫీసులో బిల్లులు సరిచూసే మనిషి,
కాగితం చూసి చదివాడు:
“నా పాత్ర పడవ నడిపే ముసలమ్మ.
నా పాత్ర డబ్బులడుగుతుంది.”

ఆవిడెవరో నాకు తెలీదు, అన్నాను.
నేను అర్ధరాత్రి రేవుకొచ్చిన దొంగని.
నన్నడుగు.

పాచిక అతని గుప్పిట్లో చెమటపట్టింది.
పక్క బల్ల మీద ఎవరో డ్రాగన్ని చంపి ఈలలేశారు.
లుఖ్మీ చల్లారింది.

అప్పుడొచ్చింది, ఏ నానమ్మదో గొంతు:
“ఎవల్రా అది? పైసల్లేకుంటే
నీ కత్తి ఈడ వెట్టి ఎక్కు, బిడ్డా.”

పాచిక వెయ్యమనలేదు నేను.
కత్తి తీసి బల్లమీద పెట్టాను.
బాల్‌పెన్నే, అయినా బరువుగా ఉంది.

రాత్రి మెట్రో గేటు దగ్గర
కార్డు తట్టి, కాపలా కుర్రాడితో
అతను అదే గొంతుతో అన్నాడు:
“పైలం, బిడ్డా.”